నూనె చుక్కకూ ఓ హద్దుంది

ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో నేటికీ చాలామందికి తెల్లవారేది పందుంపుల్లతోనే. సాల, కానుగ, వేప పుల్లలు బజారులో కట్టలుగా అమ్ముడవుతుంటాయి. తరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తోడుగా వంటింటి వైద్యమూ ఉంది. పన్ను పోటుకు లవంగ నూనె, జలుబుకు వాము, ముక్కు దిబ్బడకు నీలగిరి తైలం.

ఈ నమ్మకంలో నిజమెంత? నోటి విషయంలో బాగానే ఉంది. లవంగ నూనెలోని యూజినాల్, వాములోని థైమాల్ బ్యాక్టీరియా కణపొరను దెబ్బతీస్తాయి. లోపలి సరుకు బయటికి కారిపోయి క్రిమి చస్తుంది. పళ్లను పుచ్చిపోయేలా చేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ ప్రయోగశాలలో వీటికి లొంగింది. 1879లో అమెరికాలో పుట్టిన లిస్టరిన్‌లో ఉన్నదీ థైమాల్, మెంథాల్, యూకలిప్టాల్ వంటివే. ఇలాంటి ద్రవంతో పుక్కిలిస్తే, బ్రష్‌కు తోడుగా, పాచి, చిగుళ్ల వాపు తగ్గుతాయని పరీక్షల్లో తేలింది.

చిక్కంతా గొంతు దాటాకే. న్యుమోనియా తెచ్చే క్రిములు కొన్ని ప్రయోగశాల పళ్లెంలో నూనె తగిలితే చస్తాయి. అయితే అక్కడ నూనె నేరుగా వాటిపై పడుతుంది. ఆవిరితో ఊపిరితిత్తుల అడుగుకు చేరేది అత్యల్పం. పైగా సూడోమోనాస్ లాంటి మొండి క్రిములకు బయట మరో పొర కోటగోడలా ఉంటుంది. మెంథాల్ పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టుండేది నిజానికి చల్లదనాన్ని పసిగట్టే నరాల మాయ. దారి వెడల్పు కాదు, క్రిమీ చావదు.

ఆ మాయను నమ్ముకుంటేనే ముప్పు. ఆయాసపడుతున్న పిల్లాడికి ఆవిరి పడుతూ రెండు రోజులు గడిపితే న్యుమోనియా ముదురుతుంది. లవంగ నూనెతో నొప్పి తగ్గిందని ఊరుకుంటే పుప్పి పన్ను చీము పట్టి దవడకు పాకొచ్చు. నీలగిరి తైలం, కర్పూరం కొద్దిగా మింగినా పసిపిల్లలకు మూర్ఛ రావచ్చు.

అయినా నోటికీ ఊపిరికీ ఓ లంకె ఉంది. మంచం పట్టిన వృద్ధుల్లో నోటి క్రిములే లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంటాయి. అందుకే పొద్దుటి పుల్ల అయినా, పుక్కిలించే మందయినా నోటిని శుభ్రంగా ఉంచితే ఊపిరికీ మేలే. జ్వరం, ఆయాసం కనిపిస్తే మాత్రం సీసాకు మూత పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.