మొక్క సీసాలోకి పోతే మన హక్కు ఎటు పోతది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిల బోటనీ, బయోటెక్నాలజీ చదువుతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ల్యాబులో నేలవేము ఆకును ముట్టుకున్నప్పుడు మీ అవ్వను యాది చేసుకోండి.

టిష్యూ కల్చర్‌లో ఆ ఆకు ముక్క నుంచే కణాలు, వేర్లు సీసాలో పెంచుతరు. వాపును తగ్గించే ఆండ్రోగ్రాఫోలైడ్‌ను అట్ల తయారుచేయాలని పరిశోధనలు జరిగినయి. మంచిదే. అడవిల మొక్కను మొదలంటా పీకే పని తప్పుతది. కానీ ఆకు ఒక్కసారి సీసాలోకి పోయినంక కంపెనీకి అడవితో పనుండదు. అడవికే రానోడు మనల్ని అడుగుతడా?

లాభంలో మనకు వాటా ఉండాలన్నది 2002 జీవవైవిధ్య చట్టం. 2023 సవరణ సాగుచేసిన మందు మొక్కలకు మినహాయింపులిచ్చింది. రేపు సీసాలో పెరిగింది కూడా సాగే అంటే మన వాటా ఏది?

వాటా అడగడం గొంతెమ్మ కోరిక కాదు. కేరళల కాణి ఆదివాసులు చూపిన ఆరోగ్యపచ్చతో ‘జీవని’ మందు చేసిన్రు. 1995ల దాన్ని కంపెనీకి ఇచ్చినప్పుడు లైసెన్సు ఫీజు 10 లక్షలు, రాయల్టీ 2 శాతం. అందులో సగం కాణీలకని రాసుకున్నరు.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) మన సంప్రదాయ జ్ఞానం మీద హక్కును గుర్తించింది. అందుకే మీ ఊళ్లె ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉన్నదా, అందులో ఏం రాసిన్రో గ్రామసభల అడగండి. టిష్యూ కల్చర్ మీరూ నేర్చుకోండి. ఆకు ఏ ఊరిదో, దాని గుణం ఎవరు చెప్పిన్రో ల్యాబు రికార్డుల రాయించండి. ఆ రాత లేకుంటే రేపు మన నేలవేమును మనమే మందుల షాపుల కొనుక్కోవాలె.