గడువు లేని అనుమతి

కేంద్ర పర్యావరణ శాఖ 2026 జనవరిలో కాలుష్య అనుమతుల మార్గదర్శకాలను సవరించింది. పరిశ్రమ నడుపుకోవడానికి పొల్యూషన్ బోర్డు ఒకసారి ఇచ్చిన అనుమతి, రద్దు చేసేదాకా చెల్లుతుంది. కొన్నేళ్లకోసారి రెన్యువల్‌కు వెళ్లే పని ఇక లేదు. సిమెంటు ఫ్యాక్టరీల పక్కన సేద్యం చేసే దాచేపల్లి, మాచర్ల, రెంటచింతల రైతులూ, గ్రానైట్ దుమ్ములో బతికే చీమకుర్తి వాసులూ వెంటనే తెలుసుకోవలసిన మార్పు ఇది.

రెన్యువల్ ఏమంత గట్టి కాపలా కాదు, నిజమే. విశాఖ ఎల్జీ పాలిమర్స్ తనకు సరైన పర్యావరణ అనుమతి లేదని 2019 మేలో తానే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. అయినా బోర్డు అనుమతులతోనే నడిచింది. ఏడాది తిరక్కముందే, 2020 మే 7 తెల్లవారుజామున, స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. అంతటి నిర్లక్ష్యంలోనూ రెన్యువల్ రోజున ఎవరో ఒకరు ఆ ఫైలు విప్పక తప్పేది కాదు. ఇప్పుడు ఆ రోజు కూడా పోయింది.

తనిఖీలు ఆగవు, ఉల్లంఘిస్తే రద్దు చేస్తామని కేంద్రం అంటోంది. ఇదివరకు కంపెనీయే బోర్డు గడప తొక్కేది. ఇకమీదట బోర్డే వెళ్లి తప్పు పట్టుకోవాలి, ఆ తప్పును నిరూపించాలి. పైగా 2024 ఏప్రిల్ 1 నుంచి వాయు కాలుష్య చట్టంలోని జైలు శిక్షల స్థానంలో చాలావరకు జరిమానాలు వచ్చాయి. అవీ 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకానే. కోట్లలో వ్యాపారం చేసే ఫ్యాక్టరీకి అదొక లెక్కా?

సిమెంటు బట్టీ పొగగొట్టం నుంచి ఘనపు మీటరు గాలికి 30 మిల్లీగ్రాములకు మించి దుమ్ము రాకూడదు. దాన్ని కొలిచే ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. కానీ సున్నపురాయి లారీలు, క్రషర్లు లేపే దుమ్ము పొగగొట్టంలోని మీటరుకు చిక్కదు. మంచు పడ్డ ఆకుమీద సిమెంటు దుమ్ము వాలితే పెచ్చు కడుతుంది, ఆకుకు గాలి ఆడదు. విచ్చిన పత్తి మీద పడితే మాసిపోతుంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయ మీద పడిందంటే గుంటూరు యార్డులో ధర కోయడానికి మరో సాకు దొరికినట్టే. జాతీయ స్వచ్ఛమైన గాలి పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన 13 నగరాల్లో గుంటూరు, ఒంగోలు ఉన్నాయి. దాచేపల్లి లేదు. పొగగొట్టాలున్న ఊరిని వదిలి గాలిని బాగుచేసే పథకమది!

అమెరికాలో పెద్ద పరిశ్రమల గాలి పర్మిట్ ఐదేళ్లు దాటదు. పొడిగించే ముందు ముసాయిదాను జనం ముందుంచి, కనీసం 30 రోజులు అభ్యంతరాలు వినాలి. మన దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ ఫ్యాక్టరీ కట్టకముందో, విస్తరణకో షామియానా కింద జరుగుతుంది. నడిపే అనుమతి ఇచ్చేటప్పుడు ఊరిని అడిగే ఏర్పాటు మన చట్టంలో లేదు.

అయితే 1981 నాటి వాయు కాలుష్య చట్టం 51వ సెక్షన్ ఇంకా బతికే ఉంది. అనుమతి పొందిన ప్రతి పరిశ్రమ వివరాలూ, దానికి విధించిన ఉద్గార పరిమితులూ బోర్డు రిజిస్టరులో రాసి ఉంచాలి. ఆ పరిమితులతో సంబంధమున్నవారు గానీ, ప్రభావితులు గానీ పనివేళల్లో వెళ్లి దాన్ని చూడవచ్చు. గుంటూరు, ఒంగోలు ప్రాంతీయ కార్యాలయాలకు ఈ వారమే వెళ్లి రిజిస్టరు చూపించమని అడగండి. గ్రామసభలో తీర్మానం చేసి, అనుమతి షరతుల తెలుగు ప్రతిని పంచాయతీ గోడకు అంటించమని బోర్డును కోరండి. రాష్ట్ర ప్రభుత్వం కూడా అయిదేళ్లకోసారి బహిరంగ సమీక్షను అనుమతి షరతుల్లోనే చేర్చాలి.

ఒక సంగతి మరవొద్దు. కంపెనీ అనుమతికి గడువు లేకపోయినా మీ ఫిర్యాదుకు ఉంది. చెన్నైలోని హరిత ట్రైబ్యునల్ బెంచికి, వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి. నోటిమాట ఫిర్యాదు అక్కడ పనికిరాదు. దుమ్ము పడిన రోజే తేదీతో ఫోటో తీసి, బోర్డుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి.