పప్పు తింటే వైరస్ రాదా?

2025 మార్చిలో మా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూతో మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పచ్చి చికెన్ ముక్క తిన్నదని వార్తల్లో వచ్చింది. ఆ వార్త బయటికొచ్చిన రోజే మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫార్వర్డ్: "శాకాహారులకు వైరస్‌లు అంటవు, సైన్స్ కూడా ఒప్పుకుంది." సాయంత్రానికి అమ్మమ్మ ఫోన్. "ఒరే, మెస్‌లో కోడికూర తినమాక. పప్పు, గోంగూర చాలు."

ఆ సైన్స్ ఏంటో చూద్దామని వెతికా. అబద్ధం కాదు, సగం నిజం. 2021లో ఆరు దేశాల్లోని 2,884 మంది వైద్య సిబ్బంది మీద చేసిన స్టడీ ఒకటుంది. ఎక్కువగా మొక్కల ఆహారం తినేవాళ్లకి కోవిడ్ ముదిరే అవకాశం 73 శాతం తక్కువగా కనిపించింది. కానీ అదే పేపర్లో ఇంకో మాట ఉంది: కోవిడ్ సోకడంలో మాత్రం తేడా కనిపించలేదు. ఫార్వర్డ్ చేసినవాళ్లు ఆ లైన్ వదిలేశారు. పైగా ఎవరేం తింటున్నారో వాళ్లు చెప్పిందే లెక్క. కోరిలేషన్ వేరు, కారణం వేరు అని మనం స్టాటిస్టిక్స్‌లో చదివిందే కదా!

ఆకుకూరలు, పప్పులు, జొన్నలు మంచివి కావని నేను అనట్లేదు. వాటిలోని పీచు మీద బతికే పేగు బ్యాక్టీరియా మన ఇమ్యూనిటీకి పనికొచ్చే పదార్థాలు తయారుచేస్తుంది. అలాగే మొక్కల్లో బి12 దాదాపు ఉండదు. పాలు, గుడ్లు కూడా మానేసేవాళ్లు టాబ్లెట్ వేసుకోవాల్సిందే. తిండి ఒంటికి బలమిస్తుంది. అంతేగానీ వైరస్‌ని గుమ్మం దగ్గరే ఆపేయదు.

బర్డ్ ఫ్లూ వైరస్ 70 డిగ్రీల వేడికి చచ్చిపోతుంది. లోపలిదాకా ఉడికిన కూరతో భయం లేదు. జాగ్రత్త కావాల్సింది పచ్చి మాంసం దగ్గర. పిల్లలకి అందనివ్వకూడదు, అది కోసిన కత్తి కడగకుండా దాంతోనే కీరా కోయకూడదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఈ మాటలు మా గ్రూప్‌లో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

నాకు అసలు బాధ ఇంకోటి. "మాంసం తిన్నారు, అందుకే వచ్చింది" అనే మెసేజ్ బిడ్డని పోగొట్టుకున్న ఆ ఇంటికి కూడా చేరి ఉండొచ్చు. అది చదివితే వాళ్లకెలా ఉంటుంది?

అమ్మమ్మకి ఇదంతా చెప్పా. "అయితే బాగా ఉడికిందే తిను. గోంగూర మాత్రం మానమాక" అంది.

ఫార్వర్డ్ చేయాలనుకుంటే ఈ మాట చేయండి.