పిల్లల వంద రూపాయలు మొక్కకా, మొక్కను చూసే మనిషికా?



పై వీడియో మొదటి నిమిషంలో మీరు చూసింది బీడు భూమి కాదు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో అక్కడ బెండ, టమాట, పాలకూర, తోటకూర ఉండె. సిటీ శివార్లలో ఒక కాలేజీ క్యాంపస్ అది. పేరు చెప్పను. తప్పు వాళ్ళొక్కరిదే కాదు, సగం నాది కూడా.

సైనిక్‌పురిలో మా షాపుకు ఒకరోజు నలుగురు పిల్లలు వచ్చారు. "అన్నా, మా క్యాంపస్‌ల నేచురల్ ఫార్మింగ్ చేయాలె. మేనేజ్‌మెంట్‌ని డబ్బులు అడగం, మేమే వేసుకుంటం" అన్నారు. నాకు మస్తు సంతోషం అయింది. నేను అగ్రికల్చర్ డిప్లొమా చదివేటప్పుడు మాకు ఇట్లాంటి ఆలోచనే రాలేదు. సరే అన్నాను.

340 మంది తలా 100 రూపాయలు వేసుకున్నారు. 34 వేలు పోగయ్యాయి. డ్రిప్‌కు 14 వేలు, నారు, విత్తనాలకు 3 వేలు, పారలు, గడ్డపారలు, స్ప్రేయర్‌కు 5 వేలు, డ్రమ్ములు, బెల్లం, శనగపిండికి 4 వేలు. మిగిలిన 8 వేలు ప్రారంభోత్సవం రోజు టెంటుకు, ఫ్లెక్సీకి, బోర్డుకు పోయాయి. ఆవు పేడ, మూత్రం నేనే మా పొలం నుంచి డీసీఎంలో తెచ్చి ఇచ్చాను. మడులు చేశాం, ఎండుటాకులు కప్పాం, పిల్లలతోనే జీవామృతం కలిపించాను. మార్చిలో మూడు క్రేట్ల కూరగాయలు హాస్టల్ మెస్‌కు వెళ్ళాయి. ఆ ఫొటోలు మీరు కూడా చూసే ఉంటారు.

ఏప్రిల్ ఆఖరుకు పరీక్షలు అయ్యాయి, హాస్టల్ ఖాళీ అయింది. మోటార్ రూమ్ తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది, ఆ వాచ్‌మన్ మే నెలలో మారిపోయాడు. కొత్తాయనకు ఎవరూ చెప్పలేదు. నేను మా పొలం పనుల్లో ఉండిపోయాను. జూన్ రెండో వారంలో వెళ్ళి చూస్తే లేటరల్ పైపులను ఎలుకలు కొరికేశాయి, మడుల మీద కప్పిన ఆకులను ఎవరో ఊడ్చి తగలబెట్టారు. పదిమందిలో పాము చావదు అంటారు కదా, అట్లనే అయింది. అందరి తోట, ఎవరిదీ కాని తోట.

సెకండియర్ అమ్మాయి ఒకామె ఆ రోజు నన్ను ఒకటే అడిగింది. "మా డబ్బులు ఏమైనయ్ అన్నా?"

దానికి సమాధానం వెతుక్కుంటూనే ఈ వ్యాసం రాస్తున్నా.

లెక్క మళ్ళీ చూసుకుంటే తెలిసింది. ఆ 34 వేలలో మనిషి కూలికి ఒక్క రూపాయి కూడా పెట్టలేదు. పైపు కొన్నాం, డ్రమ్ము కొన్నాం, బోర్డు రాయించాం. రోజూ పొద్దున ఆ నేలను చూసే మనిషిని మాత్రం పెట్టుకోలేదు. మన పొలంలో అయితే ఇట్లా చేస్తామా? జీవామృతం పదిహేను రోజులకు ఒకసారి పోయాలని మనకు తెలుసు. ఎండాకాలం ఆచ్ఛాదన తీస్తే నేల ప్రాణం పోతుందని తెలుసు. నేలకు సెలవులు ఉండవు. కాలేజీకి ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడాను పూడ్చేది జీతం తీసుకునే మనిషి ఒక్కడే. ఈ మాట ఆ పిల్లలకు ముందే చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

అంటే విద్యార్థులు డబ్బు వేసుకుని చేసే పనులు వద్దంటారా అని మీరు అడగొచ్చు. వద్దు అనట్లేదు. పద్ధతిగా చేస్తే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది.

అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీ. మన తెలుగు పిల్లలు చాలామంది చదివే చోటే. 2003లో అక్కడి విద్యార్థులు ఓటు వేసి, సెమిస్టర్‌కు 2 డాలర్లు స్వచ్ఛమైన కరెంటు పనుల కోసం మేమే కడతాం అన్నారు. తర్వాత మళ్ళీ ఓట్లు పెట్టుకుని క్యాంపస్ పర్యావరణం కోసం ఇంకొంత పెంచుకున్నారు. ఎక్కువమంది విద్యార్థులే సభ్యులుగా ఉన్న కమిటీ ఆ డబ్బు ఏ పనికి ఇవ్వాలో తేలుస్తుంది. ఆ నిధి సాయంతోనే 2009లో అక్కడ విద్యార్థుల వ్యవసాయ క్షేత్రం మొదలైంది. అక్కడ పండే కూరగాయలు యూనివర్సిటీ డైనింగ్ హాళ్ళకు వెళ్తాయి. కాలిఫోర్నియాలోని బర్కిలీలో కూడా 2007లో ఇట్లాగే ఓటు పెట్టుకుని, సెమిస్టర్‌కు 5 డాలర్లు వేసుకుని ఒక నిధి పెట్టుకున్నారు.

అక్కడ చదివే మన పిల్లల ఫీజు బిల్లులో కూడా ఈ డాలర్లు ఉంటాయి. అంటే ఇక్కడ నాన్న పొలం తాకట్టు పెట్టి తెచ్చిన లోన్‌లో కొన్ని రూపాయలు అక్కడి క్యాంపస్ కూరగాయల తోటకు పోతున్నాయన్నమాట. అది తప్పని నేను అనను. మన క్యాంపస్‌లకు ఆ పద్ధతి ఎందుకు రాలేదు అనే నా ప్రశ్న.

మన పిల్లలకు శ్రద్ధ లేదు అనే మాట మాత్రం ఒప్పుకోను. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చూడండి. వైల్డ్ లెన్స్ అనే విద్యార్థుల బృందం ఏళ్ళ తరబడి ఆ క్యాంపస్‌లో పక్షులను, జంతువులను చూసి రాసి పెట్టింది. రెండు వందలకు పైగా పక్షి జాతులు వాళ్ళ లెక్కలో ఉన్నాయి. 2025 మార్చి ఆఖర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో జేసీబీలు దిగినప్పుడు, విద్యార్థులు రోడ్డెక్కారు. అక్కడ అడవి ఉంది, జీవాలు ఉన్నాయి అని చెప్పడానికి అట్లా ఓపికగా రాసుకున్న లెక్కలే పనికొచ్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. మన పిల్లల దగ్గర ఓపిక ఉంది, తెలివి ఉంది. లేనిది ఒక్కటే. సొంత నిర్ణయంతో ఖర్చు పెట్టుకునే చిన్న సంచి.

ఇప్పుడు అవతలి వాదన కూడా వినాలి. మా షాపుకు వచ్చే ఒక రిటైర్డ్ లెక్చరర్ సార్ గట్టిగానే అన్నారు. "ఇప్పటికే స్పెషల్ ఫీజు, లైబ్రరీ ఫీజు, గేమ్స్ ఫీజు అని గుంజుతున్నరు. నువ్వు ఇంకో ఫీజు నేర్పిస్తవా? రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్లు ఆగిపోయిన పిల్లలున్నరు."

ఆయన మాటలో నిజం ఉంది. దాన్ని దాటేసి పోలేం. పైగా ఇంకో సంగతి. కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాల ప్రకారం రోజుకు 100 కిలోల కంటే ఎక్కువ చెత్త వచ్చే సంస్థలు, తడిచెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాలి. పెద్ద హాస్టల్ ఉన్న ఏ కాలేజీ అయినా ఈ లెక్కలోకి వచ్చేస్తుంది. అంటే అది మేనేజ్‌మెంట్ బాధ్యత. ఆ పనికి పిల్లల వంద రూపాయలు వాడితే, వాళ్ళ జేబులోంచి తీసి యాజమాన్యం బాకీ తీర్చినట్టే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. విద్యార్థుల నిధి ఉండాలి, కానీ షరతులతో ఉండాలి.

మొదటిది, పిల్లలు ఓటు వేసుకుని ఒప్పుకుంటేనే వసూలు చేయాలి. ఇవ్వలేనివాళ్ళు కారణం చెప్పకుండానే మానుకునే వీలుండాలి. రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లల నుంచి అసలు తీసుకోవద్దు. ప్రతి రూపాయి లెక్క నెలనెలా నోటీస్ బోర్డు మీద ఉండాలి.

రెండోది, స్థలం, నీళ్ళు, కరెంటు, షెడ్డు యాజమాన్యమే ఇవ్వాలి. చట్టం చేయమన్న పనికి పిల్లల డబ్బు ముట్టుకోవద్దు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. వచ్చిన డబ్బులో ముందు మనిషి జీతం పక్కన పెట్టాలి. మిగిలితేనే పైపులు, డ్రమ్ములు.

లెక్క వేద్దాం. రెండు వేల మంది సెమిస్టర్‌కు 100 వేసుకుంటే ఏడాదికి 4 లక్షలు. నెలకు 15 వేల జీతంతో పని తెలిసిన మనిషిని పన్నెండు నెలలూ పెట్టుకుంటే 1 లక్షా 80 వేలు. ఇంకా 2 లక్షల 20 వేలు మిగులుతాయి. చిన్న కాలేజీ అయి వెయ్యి మందే, 50 రూపాయలే అనుకోండి, లక్ష వస్తుంది. నెలకు ఎనిమిది వేల చిల్లర. పూట పని చేసే మనిషి దొరుకుతాడు. ఆ ఏడాదికి అంతే చాలు. బోర్డు లేకపోయినా తోట బతుకుతుంది.

ఆ మిగిలిన 2 లక్షల 20 వేలతో ఏం చేయాలి? ఇక్కడే మనం, అంటే రైతులం వస్తాం.

300 మంది ఉన్న హాస్టల్ ఒకటి తీసుకుందాం. వారానికి ఒక్క పూట ప్రకృతి వ్యవసాయంలో పండిన బియ్యం వండుతారు అనుకోండి. మనిషికి 150 గ్రాముల బియ్యం చొప్పున పూటకు 45 కిలోలు. ఏడాదిలో కాలేజీ నడిచేది ముప్పై వారాలు అనుకుంటే 1,350 కిలోలు. మెస్ వాళ్ళు మామూలు సన్నబియ్యం కిలో 60కి కొంటున్నారు, మన బియ్యం 90 అనుకుందాం. తేడా 30 రూపాయలు. మొత్తం తేడా 40,500. విద్యార్థుల నిధి ఆ తేడా ఒక్కటి కడితే చాలు, మిగతాది మెస్ ఎట్లాగూ పెట్టే ఖర్చే. ఇటువైపు చూస్తే, 1,350 కిలోల బియ్యానికి సుమారు ఇరవై ఒక్క క్వింటాళ్ళ వడ్లు కావాలి. మన పద్ధతిలో అది ఎకరం, ఎకరంన్నర పంట. వారానికి ఒక్క పూట భోజనంతో ఒక చిన్న రైతుకు ఏడాది మార్కెట్ ఖాయం అవుతుంది. సగం ధరకు ఇవ్వమని దళారి చుట్టూ తిరగక్కర్లేదు.

ఇక మెస్ నుంచి తిరిగి వచ్చేది. ఆ కాలేజీలో పిల్లలు, నేను కలిసి మూడు రోజులు ప్లేట్లలో మిగిలింది, కూరగాయల తొక్కలు తూకం వేశాం. 62, 71, 58 కిలోలు. బాధ అనిపించింది. ఇదంతా ఆటోలో ఎక్కి ఎక్కడికి పోతుంది? సిటీ చెత్త పోయేది మా సైనిక్‌పురికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు. గాలి ఇటు తిరిగిన రాత్రి కిటికీలు మూసుకుని పడుకోవాల్సిందే. ఆ యార్డు పక్కనే బతికే వాళ్ళ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఇంకోవైపు సికింద్రాబాద్‌లోనే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఉంది. అక్కడ రోజుకు పది టన్నుల దాకా వచ్చే కూరగాయల చెత్తతో 500 యూనిట్ల వరకు కరెంటు, 30 కిలోల గ్యాస్ తీసే ప్లాంటు పెట్టారు. మన తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల టెక్నాలజీ అది. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఆ మార్కెట్ ప్రస్తావన వచ్చింది. అంటే టెక్నాలజీ మన ఊళ్ళోనే ఉంది. కాలేజీకి అంత పెద్దది అక్కర్లేదు. వండిన అన్నం, కూర ఒక్కటే గుంతలో వేస్తే కుళ్ళి కంపు కొడుతుంది. దానికి రెండింతలు ఎండుటాకులు కలిపి, పైన కాస్త పేడనీళ్ళు చల్లి, వారానికోసారి తిరగేస్తే రెండు నెలల్లో నల్లటి ఎరువు. క్యాంపస్‌లో రోజూ ఊడ్చి తగలబెట్టే ఆకులు దీనికి చాలు. కానీ తిరగేయడం రెండు వారాలు మరిచిపోతే పురుగులు, వాసన, ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారి ఆర్డరు, గుంత పూడ్చివేత. మళ్ళీ అదే మాట: మనిషి కావాలి.

రైతు మిత్రులకు ఒక మాట. కాలేజీ పిల్లలు మిమ్మల్ని పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. శాలువా కప్పించుకుని, మొక్క నాటి, ఫొటో దిగి రావొద్దు. "ఎండాకాలం సెలవుల్లో ఎవరు చూస్తారు? ఆ మనిషి జీతం ఎక్కడిది?" అని ముందే అడగండి. సమాధానం లేకపోతే, అది దొరికిన రోజే మొదలుపెడదాం అని చెప్పండి. ఊరికే ఇస్తాననకండి, ధర చెప్పండి, ఏడాదికి రాతపూర్వకంగా మాట్లాడుకోండి. నేను ఊరికే ఇచ్చిన పేడకు ఆ తోటలో విలువ లేకుండా పోయింది. అమ్మి ఉంటే కనీసం ఎవరో ఒకరు లెక్క రాసేవాళ్ళు.

ఆ అమ్మాయి ఇప్పుడు థర్డ్ ఇయర్. పోయిన నెల మళ్ళీ షాపుకు వచ్చింది. ఈసారి చేతిలో కాగితం ఉంది. అందులో మొదటి లైన్ "జీతం, 12 నెలలు" అని రాసుంది. డ్రిప్ నాలుగో లైన్‌లో ఉంది. ఫ్లెక్సీ లేదు. కాలేజీ వాళ్ళు నీళ్ళు, స్థలం రాతలో ఇస్తే జూన్‌లో మొదలు పెడదాం అన్నాను. పాత పైపుల్లో పనికొచ్చేవి నేను వేరు చేసి పెట్టాను.

మీ దగ్గరలో ఏదైనా కాలేజీలో ఇట్లాంటి తోట రెండు ఎండాకాలాలు దాటి బతికి ఉంటే నాకు చెప్పండి. కెమెరా తీసుకుని నేనే వస్తాను. అక్కడ ఆ తోటను రోజూ చూసే మనిషితోనే మాట్లాడిస్తాను.