అరుగు మీద కూర్చోవడమూ నేరమేనా?

మీ పిల్లవాడు తప్పు చేస్తే మీకు వాడి వయసు కనిపిస్తుంది. మా పిల్లవాడు అదే తప్పు చేస్తే వాడి పేరు కనిపిస్తుంది. 'కుర్రతనం, పోనీలే' అనే మాట మా గల్లీల దాకా ఎందుకు రాదు? దయ చూపమనడం లేదు మేం. చట్టంలో రాసుకున్నదే అడుగుతున్నాం.

2015 బాలల న్యాయ చట్టం ఏమంటోంది? తప్పు చేసిన పిల్లల్ని వీలైనంతవరకు కోర్టు విచారణ దాకా లాగకుండా సరిదిద్దాలంటోంది. 2016 నమూనా నియమాలు ఇంకా స్పష్టంగా చెప్పాయి. ఘోర నేరమైతేనో, పెద్దవాళ్ళతో కలిసి చేసిందైతేనో తప్ప ఎఫ్‌ఐఆర్ వద్దన్నాయి. ఠాణా డైరీలో రాసి, ఇంటి పరిస్థితులపై నివేదికతో బోర్డుకు పంపమన్నాయి. బోర్డు మందలించి వదిలేయొచ్చు. తల్లిదండ్రుల పూచీ మీద, మూడేళ్ళకు మించకుండా, ప్రొబేషన్‌పై ఇంటికి పంపొచ్చు.

మా బస్తీకి మాత్రం ఇది తలకిందులై వచ్చింది. 2015 ప్రాంతంలో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు 'మిషన్ చబుత్రా' నడిపారు. చబుత్రా అంటే అరుగు. రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళను పట్టుకెళ్ళారు. అమ్మీ అబ్బాలను పిలిపించి 'కౌన్సెలింగ్' చేసి వదిలారు. కేసు లేదు, కోర్టు లేదు, ఇంకేం కావాలి అంటారా? నేరమూ లేదు కదా! తప్పు చేసినవాడిని కోర్టుకు పంపే బదులు మందలిస్తారు, సరే. ఏ తప్పూ చేయనివాడిని మందలించడం దేనికి బదులు? ఒక్క గదిలో ఏడుగురు పడుకునే ఇంట్లో కుర్రాడికి అరుగు తప్ప ఇంకేముంది? బంజారాహిల్స్‌లో అర్ధరాత్రి దాకా కార్ల మీద కూర్చునేవాళ్ళ అమ్మానాన్నల్ని ఎవరైనా పిలిపించారా?

మాలోనూ కొందరు పెద్దమనుషులున్నారు. 'మంచిదేగా, పిల్లలు దారిలో పడతారు' అంటారు. జనాబ్, పిల్లల్ని దారిలో పెట్టాల్సింది ఇల్లూ, బడీ. ఠాణా పుస్తకంలో పేరెక్కితే ఏమవుతుందో మీకూ తెలుసు. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన మా యువకులు నిర్దోషులని తేలాక సర్కారే పరిహారం ప్రకటించింది. బద్నామ్ అయిన పేరుకు పరిహారం ఎవరిచ్చారు?

కోర్టు బయటి పర్యవేక్షణ వద్దని మేం అనం. అది కావాలి. కానీ లెక్కాపత్రం ఉండాలి. ముందు తప్పు జరిగి ఉండాలి. ఏం జరగబోతోందో పిల్లవాడికీ తల్లికీ వాళ్ళకర్థమయ్యే ఉర్దూలో చెప్పాలి. కనిపెట్టి ఉండేది ప్రొబేషన్ ఆఫీసరు కావాలి, కానిస్టేబుల్ కాదు. ఎన్నాళ్ళో మొదటిరోజే తేలాలి. గడువయ్యాక కాగితాలు చెరిపేయాలి. పిల్లవాణ్ణి అప్పగించడానికి 'తగిన వ్యక్తి' కావాలంటోంది చట్టం. ఆ వ్యక్తి కోసం మా మొహల్లాలోనే వెతకండి. పని నేర్పే మెకానిక్ ఉస్తాద్ ఉన్నాడు. బడి టీచరమ్మ ఉంది. వాళ్ళను అడగడానికి ఇంతవరకు ఎవరొచ్చారు?

ఇవేవీ లేకుండా చేసేది నిఘా. దానికి ప్రొబేషన్ అని పేరు పెట్టకండి. మా పిల్లల మీద షక్ పడే ముందు, వాళ్ళూ పిల్లలేనని ఒప్పుకోండి.