బడిలో కెమెరా పాఠం చెప్పాలి

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, బడి యాజమాన్య కమిటీ సభ్యులారా!

మన పిల్లలు పలక పట్టకముందే తెర చూస్తున్నారు. బడికి వచ్చాక పద్యానికి ప్రతిపదార్థం చెప్పిస్తాం, వాక్యంలో తప్పు దిద్దిస్తాం. పొద్దస్తమానం కళ్లముందు కదిలే బొమ్మను ఎలా చదవాలో చెప్పడానికి మాత్రం టైంటేబుల్లో చోటు లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో నెలకు రెండు పీరియడ్లు కెమెరా పాఠానికి ఇవ్వాలని, ఆ పాఠం తెలుగులోనే సాగాలని అడుగుతున్నాం.

కెమెరాను ఎక్కడ పెట్టారన్న దాన్నిబట్టే మనకు మనిషి మీద గౌరవమో జాలో పుడుతుంది. మన సినిమాల్లో కథానాయకుడి రాక గుర్తు చేసుకోండి. ముందు నేల మీద పడే కాలు, ఆ తర్వాత కింది నుంచి పైకి చూపించే ముఖం. అది లో యాంగిల్. పసితనంలో పెద్దవాళ్లను తలెత్తి చూసిన అలవాటు మనలో ఉండిపోతుంది, ఆ షాట్ దాన్ని తట్టిలేపుతుంది. అదే మనిషిని మిద్దె మీద నుంచి తీస్తే ఒంటరివాడిలా, ఓడిపోయినవాడిలా కనిపిస్తాడు. 1935లో విడుదలైన 'ట్రయంఫ్ ఆఫ్ ద విల్'లో జర్మన్ దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ హిట్లర్‌ను పదేపదే కింది కోణంలో చూపింది. ఈ రోజు మన ఎన్నికల ప్రచార వీడియోలు చూడండి. ఏ జెండా అయినా సరే, నాయకుడి నడక చాలాసార్లు నేల దగ్గర పెట్టిన కెమెరాతోనే మొదలవుతుంది.

ఇక సభలకు వచ్చిన జనం. దూరంగా నిలబడి టెలీ లెన్సుతో, అంటే దూరాన్ని దగ్గరగా లాగే లెన్సుతో తీస్తే ముందువాడికీ వెనకవాడికీ మధ్య ఉన్న ఎడం కనిపించదు, జనం కిక్కిరిసినట్టు ఉంటారు. అదే మైదానాన్ని పైనుంచి డ్రోన్‌తో చూస్తే ఖాళీలన్నీ బయటపడతాయి. 2020లో కోవిడ్ వేళ డెన్మార్క్‌లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఒకే చోట ఉన్న మనుషులను టెలీ లెన్సుతో ఒకసారి, వైడ్ లెన్సుతో ఒకసారి తీసి పక్కపక్కన పెట్టారు. ఒక ఫొటోలో భుజాలు రాసుకుంటున్నట్టున్నవాళ్లు రెండో ఫొటోలో దూరదూరంగా ఉన్నారు. రెండూ నిజమైన ఫొటోలే. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లవాడు వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను ఇంకొకరికి పంపేముందు ఒక్క క్షణం ఆగుతాడు.

షాట్లను అతికించడంలో ఉన్న శక్తి ఇంతకన్నా పెద్దది. సుమారు నూరేళ్ల కిందట రష్యాలో దర్శకుడు లెవ్ కులెషోవ్ నటుడు మొజ్జూఖిన్ ముఖాన్ని ఒకే షాట్‌గా తీసుకొని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నెను, ఒకసారి శవపేటికను చేర్చాడు. చూసినవాళ్లు ఆ ముఖంలో ఒకచోట గాఢమైన ఆలోచనను, ఒకచోట దుఃఖాన్ని చూసి నటనను మెచ్చుకున్నారని ఆయన శిష్యుడు పుడోవ్‌కిన్ రాశాడు. ముఖం మాత్రం మారలేదు. ఎప్పుడో ఎక్కడో నవ్విన మనిషి ముఖాన్ని ఏడుస్తున్న తల్లి దృశ్యం పక్కన అతికించి కోపం రగిలించే వీడియోలు ఈ సూత్రం మీదే నడుస్తాయి.

మాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. పాటల్లో కథానాయకుడికి ముఖం క్లోజప్, కథానాయికకు నడుము క్లోజప్. బ్రిటిష్ సినీ సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లోనే ఇలాంటి చిత్రణ మీద వ్యాసం రాసి, తెర ముందు కూర్చున్న అందరికీ మగవాడి చూపునే అంటగడుతున్నారని వివరించింది. పద్నాలుగేళ్ల కుర్రాడు ఆడపిల్లను ఎలా చూడాలో ఆ ఫ్రేముల నుంచి నేర్చుకుంటున్నాడు. ఆడపిల్ల తనను తాను ఎలా చూసుకోవాలో కూడా అక్కడే నేర్చుకుంటోంది. సాంఘిక శాస్త్రంలో సమానత్వం గురించి ఎన్ని పేజీలు పెట్టినా, ఈ చూపును ప్రశ్నించకపోతే ఆ పాఠం పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఇలా నేర్పితే సినిమా పిచ్చి పెరుగుతుందని కొందరు పెద్దలు భయపడుతున్నారు. పెరిగేది పిచ్చి కాదు, అభిరుచి. 'మాయాబజార్'లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పండించిన వెన్నెలను, 'శంకరాభరణం'లో బాలు మహేంద్ర వెలుగును, 1989 నాటి 'శివ'లో స్టెడీక్యామ్ (కుదుపు లేకుండా కదిలే కెమెరా) పరుగును గుర్తుపట్టి ఆనందించగలిగినవాళ్లు నాసిరకం దృశ్యానికి ఊరికే చప్పట్లు కొట్టరు. ఇది ఎక్కడా లేని కోరికా కాదు: ఫిన్లాండ్‌లో 2016 నుంచి అమలవుతున్న పాఠ్యప్రణాళికలో బొమ్మనూ వీడియోనూ చదవగలగడం చదువులో భాగమే.

దీనికి కొత్త గది, కొత్త పుస్తకం అక్కర్లేదు. ఉపాధ్యాయుడి ఫోన్ ఒక్కటి చాలు. ఒకే పిల్లవాణ్ని నేల మీద నుంచి, కళ్లకు సమానంగా, బెంచీ ఎక్కి మూడు షాట్లు తీసి తరగతికి చూపించండి. ప్రార్థన వేళ మైదానంలో నిలబడ్డ పిల్లలను దగ్గర నుంచి ఒకసారి, దూరం నుంచి జూమ్ చేసి ఒకసారి తీయండి. ఏమనిపించిందో, ఎందుకనిపించిందో పిల్లలనే చెప్పమనండి. పరీక్ష వద్దు, మార్కులు వద్దు. తెలుగు ఉపాధ్యాయులకూ సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయులకూ వేసవి శిక్షణలో రెండు రోజులు దీనికి కేటాయిస్తే పని మొదలవుతుంది. ఆ శిక్షణ ఇవ్వడానికి మన ఛాయాగ్రాహకులు, ఎడిటర్లు ముందుకు రావాలి. తెలుగు ప్రేక్షకుడి టికెట్ డబ్బుతో ఎదిగిన పరిశ్రమకు ఆ బాధ్యత ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు వచ్చే విద్యాసంవత్సరం నుంచే ఈ పీరియడ్లు మొదలుపెట్టాలి. మీ బడి కమిటీ తదుపరి సమావేశంలో ఈ కోరికను తీర్మానంగా రాయించండి, నకలును మండల విద్యాధికారికి ఇవ్వండి. ఈ కరపత్రాన్ని చదివి మరొకరి చేతిలో పెట్టండి.