వెనక్కి తిరిగిన మార్కుకు మళ్లీ పని ఎవరిచ్చారు?



మన పల్లె సంఘాల్లో ఒక అలవాటు ఉంది. తప్పిపోయిన వ్యక్తి తిరిగి వస్తే సంతోషిస్తాం, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాం, కన్నీళ్లు కూడా పెట్టుకుంటాం. ఆ తర్వాత గుమ్మం దగ్గర చోటు చూపించి అక్కడే ఉంచేస్తాం. ఐదేళ్లు గడిచినా పాట ఎత్తమని అడగం, కానుకల సంచి చేతికివ్వం, సండే స్కూల్ పిల్లల దగ్గర కూర్చోమనం. "క్షమించాం కదండీ, ఇంకేం కావాలి?" అంటాం. నా మట్టుకు నాకు అది సగం క్షమాపణగానే కనబడుతుంది.

మార్కు సంగతి చూడండి. ఇతడు సంఘంలో పెరిగిన బిడ్డ. యెరూషలేములో విశ్వాసులు కూడి ప్రార్థన చేసింది ఇతని తల్లి మరియ ఇంట్లోనే (అపొ.కా. 12:12). బర్నబా, సౌలు సువార్తకు బయలుదేరినప్పుడు వారికి సహాయకుడుగా వెళ్లాడు. కుప్ర ద్వీపమంతా వారితో తిరిగాడు. తీరా పంఫూలియలోని పెర్గేకు చేరాక వారిని విడిచి యెరూషలేముకు వెళ్లిపోయాడు (13:13). ఎందుకు వెళ్లాడో లూకా రాయలేదు. జ్వరమని కొందరు, భయమని కొందరు, తల్లిమీద బెంగ అని కొందరు ప్రసంగిస్తారు. వాక్యంలో లేని కారణం మనమెందుకు కల్పించాలి? ఒక సహోదరుడు రెండు ఆదివారాలు కనబడకపోతే కారణం మనకే తెలిసినట్టు చెప్పుకుంటాం. లూకాకు ఉన్న నిగ్రహంలో పదో వంతు మనకుంటే చాలు.

రెండో ప్రయాణం వచ్చింది. మార్కును తీసుకువెళ్దామని బర్నబా, వద్దని పౌలు. ఆ వాదం ఎంత తీవ్రమైందంటే ఇద్దరూ విడిపోయారు (15:37-40). పౌలును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మార్కు వెళ్లిపోయిన తర్వాత లుస్త్రలో ఆయన్ని రాళ్లతో కొట్టి, చనిపోయాడనుకొని ఊరి బయటకు ఈడ్చేశారు. అలాంటి దారిలో నడుమ వదిలిపోయే తోడు వద్దనుకోవడం సహజమే.

అయితే బర్నబాది బంధుప్రీతి అనేవారితో మాత్రం నేను ఏకీభవించను. మార్కు ఆయనకు దగ్గర బంధువే, నిజమే (కొలస్సి 4:10). కానీ ఆరు అధ్యాయాలు వెనక్కి వెళ్లండి. సౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వస్తే శిష్యులందరూ భయపడ్డారు, ఎవరూ దగ్గరకు రానివ్వలేదు. చెయ్యి పట్టుకొని అపొస్తలుల దగ్గరకు తీసుకువెళ్లింది బర్నబాయే (9:26, 27). సౌలు ఆయనకు ఏ చుట్టమని? ఆయన పేరుకు మన బైబిల్లో హెచ్చరిక పుత్రుడని అర్థం చెప్పారు. ఈ రోజుల్లో హెచ్చరిక అంటే మందలింపు అనుకుంటున్నాం గానీ అక్కడ అర్థం ఆదరించడం, ధైర్యం చెప్పడం. తాను కూర్చున్న చోటు బర్నబా చూపించినదేనని ఆ రోజు వాదంలో పౌలుకు గుర్తుకు వచ్చిందో లేదో!

సుమారు పదిహేనేళ్ల తర్వాత రోమా చెరలో ఉన్న పౌలు తిమోతికి ఉత్తరం రాస్తూ, వచ్చేటప్పుడు మార్కును కూడా తీసుకురమ్మన్నాడు, అతడు పరిచర్యలో నాకు పనికివస్తాడన్నాడు (2 తిమోతి 4:11). "అతణ్ని క్షమించాను" అని రాసి ఊరుకోలేదు, పనికివస్తాడని రాశాడు. దానికి ముందు వచనంలోనే దేమా విడిచి వెళ్లిపోయిన సంగతి ఉంది. ఒకడు వెళ్లిపోయిన రోజుల్లోనే, ఒకప్పుడు వెళ్లిపోయినవాణ్ని పిలిపించుకున్నాడు.

ఈలోగా మార్కును కొడుకుగా చూసుకున్న మరొకాయన పేతురు (1 పేతురు 5:13). ఆయనకు తెలియనిదా ఆ బాధ! ప్రధానయాజకుని ఇంటి ముంగిట నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ ప్రభువును ఎరుగనన్నాడు. తిబెరియ తీరాన మళ్లీ నిప్పుల దగ్గరే ప్రభువు ఆయనకు రొట్టె, చేప పెట్టి మూడుసార్లు అడిగాడు. అడిగిన ప్రతిసారీ గొర్రెలను అప్పగించాడు. కొన్నాళ్లు కూర్చో, చూద్దాం అనలేదు. పేతురు బోధించిన సంగతులనే మార్కు సువార్తగా రాశాడని రెండవ శతాబ్దపు పాపియా చెప్పాడు. ఆ సువార్తలో పేతురు బొంకిన సంగతి దాచకుండా ఉంది చూశారా (14:66-72).

తప్పులో చిక్కుకున్న వాణ్ని సాత్వికంతో మంచి దారికి తేవాలని పౌలు గలతీయులకు రాసినచోట (6:1) గ్రీకులో ఉన్న క్రియ, యాకోబు యోహానులు దోనెలో వలలు బాగుచేసుకుంటున్న చోట (మార్కు 1:19) వాడినదే. ఇది పేరుపాలెం తీరం వారికి నేను వివరించనక్కరలేదు. చిరిగిన వలను రోజంతా కూర్చుని అల్లి, చూరుకు వేలాడదీసుకునేవారు ఎవరైనా ఉంటారా? మర్నాడు తెల్లవారేసరికి అది సముద్రంలో ఉంటుంది.

మన ప్రాంతపు సువార్త చరిత్రలోనూ రెండో ప్రయాణం ఉంది. ఎక్సెటర్‌లో దంతవైద్యుడైన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ 1829లో కుటుంబంతో బాగ్దాదుకు బయలుదేరాడు. 1831లో అక్కడ ప్లేగు, వరద. భార్యను అక్కడే సమాధి చేశాడు. మార్కులా ఆయన పారిపోలేదు, కానీ మనుషుల లెక్కలో అది ఓడిపోయిన పనే. అదే మనిషి 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులను మన దేశానికి తీసుకొచ్చాడు. వారు మన పక్కనే ఉన్న నరసాపురంలో నిలిచారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. బాగ్దాదు లెక్క చూసి ఆయన్ని పక్కనబెట్టి ఉంటే?

"అయితే డబ్బు తిన్నవాడికే లెక్కలు అప్పగించమంటారా అయ్యగారూ?" అని పెద్దలు అడుగుతారు. అప్పగించమనను. అతణ్ని ఆ శోధనలోకి మళ్లీ తోయడం కనికరం కాదు. పిల్లలకు, స్త్రీలకు హాని చేసినవాడి విషయంలో వారి క్షేమమే ముందు. కానీ ఎక్కువమంది సంగతి అది కాదు కదా. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తూ ఏళ్ల తరబడి ఆరాధన లేక చల్లారిపోయి వచ్చిన అక్క ఉంది. రొయ్యల చెరువు కాపలాలో తాగుడు అలవాటై, రెండేళ్లుగా మానేసిన తమ్ముడున్నాడు. వారికి ఇవ్వకూడనంత పెద్ద పనులు మన దగ్గర ఏమున్నాయని?

సెమీ క్రిస్మస్‌కు పనులు పంచే చీటీ యవ్వనస్థులు రాయడం మొదలుపెట్టారు. ప్రతి ఏడూ అవే పన్నెండు పేర్లు. ఈసారి గుమ్మం దగ్గర కూర్చుంటున్న వారిలో ఇద్దరి పేర్లు అందులో ఉండాలని పెద్దలతో చెప్పాను. చాపలు పరిచే చోట కాదు, పాట దగ్గర, వాక్యం చదివే చోట. వచ్చే శనివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆ చీటీ చూద్దాం, మీరూ రండి.